గొల్ల అనే మాట గొర్రె నుంచి వచ్చిందా, గోపాల నుంచి వచ్చిందా?

అడిగిన తమ్ముడి సందేహం ఇది. వాళ్ళ తాతగారు "గొర్రెలు కాస్తాం కాబట్టి గొల్లలం" అంటారట. కాలేజీలో తెలుగు మాస్టారు "గోపాల శబ్దమే గొల్ల అయింది" అన్నారట. వాట్సాప్‌లో ఎవరో "గోవు పాలు అమ్మేవాళ్ళు గనక గోపాలురు, వాళ్ళే గొల్లలు" అని పంపారట. ఇందులో ఏది నిజం, మరి గొర్రెలు కాసే ఇంకో కులం పేరు కురుమ, ఆ మాట ఎక్కడిది?

ముందు తేల్చేస్తాను. మాస్టారు చెప్పిందే సరైనది. తాతగారిది తప్పే, కానీ అందులో ఒక మంచి తర్కం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. వాట్సాప్‌ది మాత్రం ఉత్త మాట.

నేను పాలమూరు వైపువాణ్ణి. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. అంతకుముందు, పదమూడేళ్ళు వచ్చేదాకా, ప్రతి సెలవుల్లోనూ మా తాత మంద వెనకాల నడిచాను. కాబట్టి ఈ మాటతో నాకు రెండు వైపుల నుంచీ చుట్టరికం ఉంది. కొంచెం పొడుగ్గా చెప్తే ఏమీ అనుకోకండి.

గోపాల అనే సంస్కృత పదం ప్రాకృతంలో గోవాల అయింది. రెండు అచ్చుల నడుమ చిక్కిన ప అక్కడ మెత్తబడి వ అవుతుంది. ఆ గోవాల ఇంకా నలిగి, నడిమి వ కూడా జారిపోయి, లకారం ఒత్తు తెచ్చుకుని, ముందున్న ఓకారం పొట్టిదై గొల్ల అయింది. ఇదేదో ఈ ఒక్క మాట కోసం అల్లిన కథ కాదు. దీప అనే మాట దీవ అయి, మన ఇంట్లోకి వచ్చేసరికి దివ్వె అయింది. అక్కడా ప వ అయింది, దీర్ఘం పోయింది, ఒత్తు వచ్చింది. ఇంకో ఉదాహరణ చెప్తే నాకే నవ్వొస్తుంది: ఉపాధ్యాయ అనే అంత పెద్ద మాట ప్రాకృతంలో ఉవజ్ఝాయ అయి, తెలుగులో ఒజ్జగా మిగిలింది. అంటే మా తాత వృత్తి పేరూ నా వృత్తి పేరూ ఒకే దారిన నడిచి, ఒకేలా అరిగి ఊళ్ళోకి వచ్చాయన్నమాట.

ఇతర భాషల్లో ఈ గోపాలుడే వేరే వేషాల్లో కనిపిస్తాడు. హిందీలో గ్వాలా, బెంగాలీలో గోయాలా, మరాఠీలో గవళి. హైదరాబాద్ గౌలిగూడలో ఉన్న గౌలి ఈ గవళే. అక్కడి పాత బస్‌స్టాండు 2018లో కూలిపోయినప్పుడు టీవీలో ఆ పేరు రోజంతా తిరిగింది. పాలవాళ్ళ వాడ అని ఆ రోజు ఎంతమందికి తట్టిందో! కన్నడంలో మాత్రం మనలాగే గొల్ల అనే అంటారు.

ఇక గొర్రె సంగతి. పాత రాతలో ఇది గొఱ్ఱె, బండి ఱ తో. కన్నడంలో కుఱి, తమిళంలో కొఱి, ఇవన్నీ దాని అక్కచెల్లెళ్ళు. అచ్చమైన ద్రావిడ కుటుంబం. ఆ బండి ఱ ఒత్తు ల్ల గా మారే దారి తెలుగులో లేదు. చెవికి దగ్గరగా వినబడుతుంది, పని కూడా అదే, అందుకని మనసు రెండింటినీ ముడి వేస్తుంది. అంతే.

వాట్సాప్ వివరణలో తప్పు ఇంకా తేలిక. గోపాలలో ఉన్న పాలకూ మనం తాగే పాలకూ ఏ సంబంధమూ లేదు. తాగే పాలు ద్రావిడ పదం, తమిళంలో పాల్. గోపాలలోది సంస్కృతంలో కాపాడడం అనే అర్థమిచ్చే పా ధాతువు నుంచి వచ్చింది. పాలకుడు, ద్వారపాలకుడు, భూపాలుడు, ఆఖరికి మన పురపాలక సంఘం కూడా ఆ పాలే. గోపాలుడంటే ఆవును కాసేవాడు. పాలు పిండేవాడికి సంస్కృతంలో వేరే మాట ఉంది.

ఆ మాటలన్నీ అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువు ఒక్క చోట గుదిగుచ్చింది: గోప, గోపాల, గోసంఖ్య, గోధుక్, ఆభీర, వల్లవ. ఇందులో గోధుక్ పాలు పితికేవాడు. ఆభీరులు ఒక జాతి, ఉత్తరాదిలో అహీర్ అనే పేరు వాళ్ళదే. శాతవాహనుల తర్వాత కొంతకాలం రాజ్యం చేసినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. నాగార్జునకొండలో ఆభీర వసుసేనుడి శాసనం దొరికింది. వీటన్నిటిలో నాకు ఇష్టమైనది గోసంఖ్య. అంటే ఆవుల్ని లెక్కపెట్టేవాడు. విరాటుడి కొలువులో సహదేవుడు తంత్రీపాలుడనే పేరుతో చేరింది ఈ ఉద్యోగానికే.

మా తాత గోసంఖ్యుడు కాదు. ఆయనకు లెక్క వంద దాటి రాదు. జీవాలు మాత్రం నూట నలభై దాకా ఉండేవి. (మా వైపు గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలు అంటాం.) పొద్దు గూకే వేళకు దొడ్డి తడికను మూరెడు మాత్రమే తెరిచి, పక్కన కర్ర ఆనించుకుని నిలబడేవాడు. ఒక్కొక్కటే దూరాలి. దూరుతున్నదాని వీపు మీద అరచెయ్యి అలా తాకించి వదిలేవాడు. మాట్లాడేవాడు కాదు. అన్నీ లోపలికి పోయాక తడిక వేయకుండా అలాగే నిలబడి, "సొట్టచెవిది రాలె" అన్నాడొకసారి. నాకు నూట ముప్ఫై తొమ్మిదో నూట నలభయ్యో తెలియదు, అన్నీ వచ్చాయనే అనుకున్నాను. చీకట్లో వాగు దాకా వెనక్కి నడిచాం. సొట్టచెవి గొర్రె ఈత పొద కింద అప్పుడే ఈని, పిల్లను నాకుతూ ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే తోడేలు నోట్లో పడేది. తల్లిని ముందుకు తోలి, తడి ఆరని పిల్లను గొంగట్లో చుట్టి నా చేతికిచ్చాడు.

ఇది ఎందుకు చెప్పానంటే, ఈ మాటకు గుండెకాయ ఆవు కాదు, గొర్రె కాదు, కాయడం. గోపాలలో గో మొదట ఉంది కానీ బరువంతా పాల మీదే. మాట తెలుగులోకి వచ్చి గొల్ల అయ్యేసరికి ఆ గో అనేది ఎవరికీ కనబడకుండా పోయింది. కనబడి ఉంటే గొర్రెలు కాసేవాణ్ణి గొల్ల అనడం ఎబ్బెట్టుగా ఉండేది. ఆవుల కాపరి పేరు అలా గొర్రెల కాపరికీ మేకల కాపరికీ సరిపోయింది.

నిజానికి ఆవుల్ని కాసేవాడికి అచ్చతెలుగు మాటలు మనకు లేకపోలేదు. ఆవు బహువచనం ఆలు, ఆలమంద అంటాం చూడండి, అందులోది. ఆలకాపరి. ఆవుకు తొఱ్ఱు అని ఇంకో పాత పేరు ఉంది, కావ్యాల్లో గొడ్లపాకను తొఱ్ఱుపట్టు అన్నారు. తమిళులు ఆవుకు పేరైన "ఆ" అనే మాటతోనే కాపరుల్ని ఆయర్ అన్నారు. సంగ సాహిత్యంలో ముల్లై నేల, అంటే అడవి అంచు పచ్చిక బీళ్ళు, వాళ్ళ చోటు. మనం మాత్రం కులానికి ప్రాకృతపు పేరు ఉంచుకుని, పనికి కాపరి అనే తెలుగు మాట ఉంచుకున్నాం. కాపరి కాచు నుంచి వచ్చింది. కాపు, కావలి, కాపుదల అన్నీ దాని పిల్లలే. అంటే గొల్లకూ కాపరికీ అర్థం ఒక్కటే, పుట్టిన ఇల్లు వేరు.

సంస్కృతం వైపు ఇంకా వింత జరిగింది. గోప అంటే ఆవుల్ని కాసేవాడు. దాని నుంచి కాపాడు అనే అర్థంలో గోపాయతి అనే క్రియ పుట్టింది. వాడగా వాడగా అందులో గో ఉందన్న సంగతి మరిచిపోయి, గుప్ అనే ధాతువు ఒకటి ఉందనుకున్నారు. భాషాశాస్త్రవేత్తలు దాన్ని ఇలా వెనక్కి తిరిగి పుట్టిన ధాతువుగానే చూస్తారు. ఆ గుప్ నుంచి గోప్యం వచ్చింది, గుప్తం వచ్చింది, గుప్తనిధులు వచ్చాయి, గుప్త చక్రవర్తుల పేరు వచ్చింది. ఒకదాన్నుంచి తప్పుకుని దాక్కోవాలనిపించడం జుగుప్స, అదీ ఇదే. ఆవుల్ని కాయడం, కాపాడడం, దాచడం, వరసగా అర్థం అలా జరిగింది. మంద తోలే మాట ఒకటి ఆఖరికి రహస్యం దాకా నడిచింది.

మాటలోనే కాదు, నేల మీదా ఇదే జరిగింది. నవాబుల కాలంలో సర్కారు ఖజానాకు కాపలా ఉండడం, డబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేయడం గొల్లలకు అప్పగించేవారు. నమ్మకస్తులనే పేరే అందుకు కారణమని బ్రిటిషు కాలపు రాతలు చెబుతాయి. ఆ అలవాటు ఎంత పాతుకుపోయిందంటే, ఆ తర్వాత మద్రాసు రాజ్యంలో ట్రెజరీల్లో నగదు సంచులు ఎత్తి, కట్టి, మోసే నౌకరుకు గొల్ల అనేది ఉద్యోగం పేరే అయిపోయింది. జీవాల దొడ్డి పోయి బొక్కసం వచ్చింది, కాసేవాడి పేరు మాత్రం అదే.

బొక్కసం అంటే గోల్కొండ గుర్తొస్తుంది. దాన్ని గోళంలా గుండ్రంగా ఉన్న కొండ అనేవాళ్ళూ ఉన్నారు గానీ, మన ప్రాంతంలో తరతరాలుగా అది గొల్లకొండే. కాకతీయుల కాలంలో ఒక గొల్ల కుర్రవాడికి అక్కడ విగ్రహం దొరికిందని, దాని చుట్టూ మట్టి కోట కట్టారని కథ. కుతుబ్‌షాహీలు దాన్ని రాతి కోట చేశారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల తవ్విన వజ్రాలు అక్కడి బజారుకు వచ్చేవి, దాంతో ఇంగ్లీషులో గోల్కొండ అంటే తరగని సంపద ఉన్న చోటు అనే అర్థం స్థిరపడింది. అమెరికాలో ఇల్లినాయ్‌లోనూ నెవాడాలోనూ గోల్కొండ అనే ఊళ్ళున్నాయి. అక్కడ మనవాళ్ళు ఎవరైనా ఆ బోర్డు ముందు ఫోటో దిగితే, వెనకాల నిలబడింది ఒక గొల్లపిల్లవాడు. మన దగ్గరున్న గొల్లపల్లెలు, గొల్లగూడేలు, గొల్లప్రోలు, గొల్లపూడి, గొల్లల మామిడాడ సరేసరి.

ఈ కాపలా మెత్తని పని అనుకోకండి. పాత రోజుల్లో శత్రువు మీదికి వచ్చేవాడు ముందు మందనే తోలుకుపోయేవాడు. రాయలసీమలో పొలాల గట్ల మీద కనబడే వీరగల్లుల్లో (పోరులో పడినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళు) కొన్ని మందను విడిపించబోయి చనిపోయినవాళ్ళవే. గొల్లల వీరగాథ కాటమరాజు కథ పుట్టింది కూడా మేత తగాదా నుంచే. కరువు వచ్చి కాటమరాజు మందల్ని నెల్లూరు సీమకు తోలుకొస్తాడు. అక్కడి రాజు నల్లసిద్ధితో ఒప్పందం: నీళ్ళవల్ల పుట్టిన పచ్చిక ఆవులది, పుట్టిన కోడెదూడలు రాజువి. అక్కడా వానలు పడలేదు. పచ్చిక ఎండిపోయింది, వరి మాత్రం చెరువు నీళ్ళతో పచ్చగా ఉంది. వరి కూడా నీళ్ళవల్ల పుట్టిందే కదా అని ఆవులు అందులో పడ్డాయి. ఒక్క మాటకు అర్థం దగ్గర మొదలైన గొడవ పాలేటి ఒడ్డున ఎఱ్ఱగడ్డపాడు యుద్ధం దాకా పోయింది. నల్లసిద్ధి తరఫున ఖడ్గతిక్కన పడిపోయింది ఆ యుద్ధంలోనే అంటారు. బడిలో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు సగం మంది రాజు వైపు, సగం మంది ఆవుల వైపు చేరి కొట్టుకునేవాళ్ళు. నేను తీర్పు చెప్పేవాణ్ణి కాదు. చెప్పాల్సి వస్తే ఆవుల వైపే.

మేతకు రాజు వసూలు చేసే పన్ను పేరు పుల్లరి. పులు అంటే గడ్డి (పులుమేయడం అనే పాత మాటలో ఉన్నదే), అరి అంటే కప్పం. 1921, 22లో పల్నాడులో రైతులూ కాపరులూ కట్టం పొమ్మన్నది ఈ పుల్లరినే. కన్నెగంటి హనుమంతు ప్రాణాలు పోయింది దీని మీదే. గొల్ల అనే మాటకు అర్థం వెతికేవాళ్ళు పుల్లరి అనే మాటను పక్కన పెట్టుకోవాలి. కాసేవాడికి మంద ఎంత ఉన్నా, కాళ్ళ కింది గడ్డి ఎప్పుడూ ఇంకొకడిది.

ఇక కురుమ. మీ తాతగారి తర్కం పనికొచ్చేది ఇక్కడ. కన్నడంలో వీళ్ళు కురుబలు, అనంతపురం వైపు తెలుగులోనూ కురుబలే. కుఱి అంటే గొర్రె అని చెప్పానుగా, కురుబ దాని నుంచే వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. అంటే గొర్రె నుంచి కులం పేరు పుట్టిందన్న తాతగారి ఊహ కురుమకు సరిపోతుంది, గొల్లకు సరిపోదు. గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆయన చెప్పిన జవాబు పక్కింటి పేరులో ఉంది. ఒకరిది కాచే పని మీద వచ్చిన పేరు, ఇంకొకరిది కాసే జీవి మీద వచ్చిన పేరు.

పనిలోనూ తేడా ఉండేది. దక్కనీ నల్లగొర్రె బొచ్చు కత్తిరించి, వడికి, గొంగడి నేసేది కురుమలు. వాళ్ళ దేవుడు బీరప్ప. బీరప్ప కథా మల్లన్న కథా ఒగ్గు కథల్లో ఇప్పటికీ చెప్తారు. నెల్లూరు జాతి గొర్రెకు నేసేంత బొచ్చు ఉండదు, అది మాంసానికి పెంచేది. అది ఊళ్ళోకి వచ్చిన చోటల్లా గొంగడి మగ్గం మూలపడింది. ఇప్పుడు సర్కారు కాగితాల్లో గొల్ల కురుమ అని రెండు పేర్లూ కలిపి రాస్తున్నారు. 2017లో తెలంగాణలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంచినప్పుడు ఆ జంట పేరు ఇంకా గట్టిపడింది.

మీరు అడగలేదు గానీ, యాదవ అనే మాట గురించి రెండు ముక్కలు. అది పని పేరు కాదు, యదు వంశం వాళ్ళమని చెప్పే పేరు. 1924లో అలహాబాదులో అఖిల భారత యాదవ మహాసభ ఏర్పడ్డాక దేశంలో రకరకాల కాపరి కులాలు ఈ పేరు కిందికి చేరాయి. మా నాన్న తరం దాకా ఊళ్ళో గొల్లోళ్ళమే, నా సర్టిఫికెట్‌లో యాదవ. గొల్లోడు అని ఏకవచనంలో, ఒక రకం గొంతుతో పిలిపించుకున్నవాళ్ళు ఆ పేరు మార్చుకోవాలనుకోవడంలో వింతేమీ లేదు. మాట పుట్టుక గౌరవమైనదే, పిలిచేవాడి గొంతు వేరు. ఈ రెండూ కలిపేసి "మీ పేరుకు ఎంత గొప్ప అర్థం ఉందో" అని ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే నాకు చిరాకు.

ఆడవాళ్ళకు గొల్లెత, గొల్లభామ అనే పేర్లున్నాయి. సిద్దిపేట గొల్లభామ చీరలో తల మీద కుండ పెట్టుకుని నడిచే బొమ్మ ఆమెదే. గడ్డిలో ఎగిరే పచ్చ పురుగును కూడా గొల్లభామ అంటాం. గొల్లున ఏడవడం మాత్రం వేరు, అది ఉత్త ధ్వన్యనుకరణం, దాన్ని ఇందులో కలపకండి. కలిపినవాళ్ళను చూశాను.

ప్రాజెక్టు రాస్తున్నానన్నారు కాబట్టి ఒక పని చేయండి. పుట్టుక సంగతి మాస్టారు చెప్పినట్టే రాయండి. కానీ తాతగారి దగ్గర కూర్చుని ఆయన జీవాల్ని ఏ ఏ పేర్లతో పిలుస్తారో రాసుకోండి. మా తాత దగ్గర చెవుల్ని బట్టి, మూతి మచ్చని బట్టి, కొమ్ముల్ని బట్టి ముప్ఫై దాకా పేర్లుండేవి. నాకు సొట్టచెవిది, బొల్లిమూతిది, ఇంకో నాలుగైదు మిగిలాయి. మిగతావి అడిగి పెట్టుకోవాలని నాకు తోచేసరికి ఆయన లేరు. అలాగే మందను నీళ్ళకు పిలిచే చప్పుడు ఎలా చేస్తారో ఫోన్‌లో రికార్డు చేయండి. మా తాత నాలుకను అంగిట్లో కొట్టి, చివర పెదాలు ఆడించేవాడు. నాకు ఇప్పటికీ వచ్చు. రాద్దామంటే మాత్రం ఏ గుణింతమూ సరిపోలేదు.